మా వంశంలో బీపీ ఉంది



జీవరసాయన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకుంటూ మాట్లాడే అవకాశం దొరకడం నా అదృష్టం. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. 1948లో న్యూయార్కులో కన్నుమూశారు. ఆయన గురించి చెప్పేటప్పుడు మనం సాధారణంగా మందులతో మొదలుపెడతాం. ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, బోదకాలుకు వాడే హెట్రజాన్, ఆరియోమైసిన్. అన్నీ గొప్పవే. నేను ఇంకాస్త వెనక్కి, 1925కి వెళ్తాను. ఆ ఏడాది హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉందో రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించారు. ప్రపంచమంతటా లాబొరేటరీల్లో దశాబ్దాల పాటు ఆ పద్ధతి నడిచింది. కొలవడం చేతికొచ్చిన రెండేళ్లకే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. ఆ తర్వాత కణాలకు శక్తినిచ్చే ఏటీపీ.

ఇంకో విషయం. ఆయన అన్నగారు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. 1945లో లెడర్లీ ప్రయోగశాలల్లో ఈయన నాయకత్వాన కృత్రిమంగా తయారైన ఫోలిక్ ఆమ్లం ఆ జబ్బుకు వాడే మందుల్లో ఒకటయింది. ఇంట్లో పడిన దెబ్బను తలరాత అని వదిలెయ్యకుండా దాని వెనక ఏ పదార్థం ఉంది, అది ఎంత ఉంది, ఎందుకు తగ్గింది అని అడగడం సుబ్బారావు గారి మార్గం. ఈ రోజు నేను తీసుకున్న విషయాన్ని ఆ మార్గంలోనే చెప్పాలని ప్రయత్నిస్తాను. కొన్ని కుటుంబాల్లో ఆల్డోస్టిరోన్ అనే హార్మోను పుట్టుకతోనే అతిగా తయారవుతుంది. ఎందుకలా అవుతుంది, అది తెలుసుకోవడం వల్ల మనకేమిటి, ఇదీ విషయం.

1. అడగకుండా వదిలేసిన ప్రశ్న

"మా వంశంలోనే బీపీ ఉందండి. నాన్నకుంది, మేనత్తకుంది, తాతకు నలభై ఏళ్లకే పక్షవాతం వచ్చింది." ఓపీలో కూర్చునే ప్రతి డాక్టరూ ఈ మాట వింటాడు. విని, కేస్ షీట్‌లో 'కుటుంబ చరిత్ర ఉంది' అని రాసి, మాత్ర రాసి పంపిస్తాడు. రోగికి ఆ మాట ఒక సమాధానం. డాక్టరుకూ అదే సమాధానం. ఇద్దరికీ సమాధానం దొరికింది కాబట్టి ఇక ప్రశ్న లేదు.

మన దేశంలో బీపీ ఎంత విస్తారంగా ఉందో 2023లో ప్రచురితమైన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం చెప్పింది. పెద్దవాళ్లలో 35.5 శాతం. అంటే ముగ్గురిలో ఒకరికి పైమాటే. ఇంతమందికి ఉన్న జబ్బు ప్రతి ఇంట్లోనూ ఇద్దరు ముగ్గురికి ఉండడంలో వింత లేదు. ఎక్కువమందిలో దానికి ఒకే కారణమంటూ ఉండదు. చిన్న చిన్న జన్యు తేడాలు వందల్లో కలుస్తాయి, వాటికి ఉప్పు, బరువు, వయసు తోడవుతాయి. అయితే ఆ గుంపులోనే, పైకి ఏ తేడా కనబడకుండా, ఒకే ఒక్క జన్యువులో వచ్చిన ఒకే ఒక్క మార్పు వల్ల బీపీ పెరిగే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వాళ్లకు కారణం వేరు, ప్రమాదం వేరు, వైద్యం వేరు.

ఇవాళ నేను నిలబెట్టదలచిన వాదం ఒక్కటే. వంశంలో ఉంది అన్నచోట మన విచారణ మొదలుకావాలి. అక్కడ ముగియకూడదు. దీనికి ఆల్డోస్టిరోన్ కథకన్నా గట్టి సాక్ష్యం నాకు తెలియదు.

2. ఉప్పును పట్టి ఉంచే హార్మోను

మన కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. అందులో ఉన్న సోడియాన్ని మామూలు ఉప్పుగా లెక్కగడితే దాదాపు ఒకటిన్నర కిలో. తప్పు విన్నామేమో అనుకోకండి, రోజుకు ఒకటిన్నర కిలోయే. అందులో దాదాపు మొత్తం తిరిగి రక్తంలోకి వెళ్లిపోతుంది. మూత్రంలో బయటికి పోయేది ఆ రోజు మనం తిన్నంత ఉప్పు, అంటే కొద్ది గ్రాములు. ఆ చివరి కొద్ది గ్రాముల్ని పంపాలా, ఉంచాలా అన్న నిర్ణయం మీదే ఒంట్లో ఎంత నీరు నిలుస్తుంది, రక్తనాళాల్లో ఎంత ఒత్తిడి ఉంటుంది అన్నది ఆధారపడి ఉంటుంది. ఆ నిర్ణయంలో పెద్ద పాత్ర ఆల్డోస్టిరోన్‌ది.

కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు ఒక్కొక్కటి నాలుగైదు గ్రాములకు మించవు. వాటి బయటి పొర ఆల్డోస్టిరోన్‌ను, మధ్య పొర కార్టిసాల్‌ను తయారుచేస్తాయి. ఆల్డోస్టిరోన్ కిడ్నీ నాళికల చివరి భాగానికి చేరి, సోడియం లోపలికి వచ్చే దారుల్ని పెంచుతుంది. లోపలికొచ్చిన సోడియాన్ని రక్తంలోకి తోసే పంపుల్నీ పెంచుతుంది. ఆ పంపులు నడిచేది ఏటీపీతోనే. సోడియం వెనక్కి వస్తే దానికి బదులుగా పొటాషియం మూత్రంలోకి పోతుంది. అందుకే ఈ హార్మోను అతిగా ఉంటే రెండు జరుగుతాయి. ఉప్పూ నీరూ నిలిచి బీపీ పెరుగుతుంది. పొటాషియం తగ్గి కండరాలు నీరసిస్తాయి.

దీన్ని అదుపులో ఉంచేవి ప్రధానంగా రెండు. ఒంట్లో ఉప్పు తగ్గినప్పుడు, రక్త ప్రవాహం మందగించినప్పుడు కిడ్నీ రెనిన్‌ను వదులుతుంది. దానివల్ల యాంజియోటెన్సిన్ తయారై అడ్రినల్ బయటి పొరను ప్రేరేపిస్తుంది. రెండోది రక్తంలో పెరిగిన పొటాషియం. మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే ఏసీటీహెచ్ ముఖ్యంగా కార్టిసాల్ కోసం. ఆల్డోస్టిరోన్ మీద దాని ప్రభావం కొద్దిపాటిది, ఎక్కువసేపు నిలవనిది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీని అవసరం వస్తుంది.

ఇక్కడ ఒక మనుషుల గుంపును మీకు పరిచయం చెయ్యాలి. బ్రెజిల్, వెనెజులా సరిహద్దు అడవుల్లో ఉండే యానోమామి తెగవారు ఉప్పు కలుపుకోరు. 1975లో వారి మీద వచ్చిన అధ్యయనంలో మూత్రంలో సోడియం దాదాపు లేనట్టే ఉంది. రెనిన్ బాగా ఎక్కువ, ఆల్డోస్టిరోన్ కూడా బాగా ఎక్కువ. మరి బీపీ? తక్కువ. వయసు పైబడుతున్నా పెద్దగా పెరగలేదు. అంటే ఆల్డోస్టిరోన్ అంకె పెద్దదిగా ఉండడం దానంతట అది జబ్బు కాదు. ఉప్పు దొరకని చోట అది ప్రాణం నిలబెడుతోంది. ఒంట్లో ఉప్పు సరిపడా ఉండి, రెనిన్ అణగిపోయి, ఇక ఆగమని శరీరం చెబుతున్నా ఆల్డోస్టిరోన్ ఆగకపోతే అప్పుడది జబ్బు. అందుకే రోగనిర్ణయంలో ఆల్డోస్టిరోన్‌ను రెనిన్ పక్కన పెట్టి, రెండింటి నిష్పత్తిని చూస్తాం. రెండూ పెరిగితే శరీరం ఉప్పు కోసమో నీటి కోసమో అడుగుతోందని. రెనిన్ పడిపోయి ఆల్డోస్టిరోన్ నిలబడి ఉంటే గ్రంథి తన ఇష్టానికి నడుస్తోందని.

3. ఒక రోగి, ఒక గడ్డ

ఆల్డోస్టిరోన్ మనకు తెలిసి ఎన్నాళ్లో కాలేదు. లండన్‌లో సిల్వియా సింప్సన్, జేమ్స్ టైట్, స్విట్జర్లాండులోని బాసెల్‌లో టడేయస్ రైక్‌స్టైన్ బృందం కలిసి 1953లో దాన్ని విడదీశారు. మరుసటి ఏడాదే అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో జెరోమ్ కాన్ దగ్గరికి 34 ఏళ్ల స్త్రీ వచ్చింది. ఏడేళ్లుగా ఆమెకు కండరాలు పట్టేస్తున్నాయి. ఉన్నట్టుండి కాళ్లు చచ్చుబడి, మళ్లీ వాటంతటవే తేరుకుంటున్నాయి. బీపీ ఎక్కువగా ఉంది. పొటాషియం బాగా పడిపోయింది.

కాన్ ఆమెను గుర్తుపట్టగలగడానికి వెనక ఒక కథ ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆయన ఉష్ణప్రాంతాలకు వెళ్లే సైనికుల శరీరం ఉక్కపోతకు ఎలా అలవాటు పడుతుందో పరిశోధించారు. అలవాటు పడ్డవారి చెమటలో ఉప్పు తగ్గిపోతుందని చూశారు. దాని వెనక అడ్రినల్ హార్మోను ఏదో ఉండాలని అప్పుడే అనుకున్నారు. ఈమె చెమటలోనూ సోడియం చాలా తక్కువగా ఉంది. ఎండలో పనిచేసే మనిషి శరీరం చేసే పనిని ఈమె శరీరం ఏ అవసరమూ లేకుండా, ఎడతెగకుండా చేస్తోంది. 1954 డిసెంబరులో ఆపరేషన్. రెండు అడ్రినల్ గ్రంథులూ తీసెయ్యాలన్నది ముందు అనుకున్న మాట. తెరిచి చూశాక కుడి గ్రంథిలో సుమారు 4 సెంటీమీటర్ల గడ్డ కనబడింది. దాన్ని తీసి రెండోది వదిలేశారు. ఆమె కోలుకుంది.

కాన్ వివరించిన జబ్బును నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నాం. అయితే ఆనాటి కథ ఒక మనిషిది, ఒక గడ్డది. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే సంగతి అందులో లేదు. దానికి ఇంకో పుష్కరం పట్టింది.

4. తండ్రీ కొడుకులు, రెండు జన్యువులు

1966లో కెనడాలో సదర్లాండ్, రూస్, లెయిడ్‌లా ఒక తండ్రినీ కొడుకునూ గురించి రాశారు. ఇద్దరికీ బీపీ. ఇద్దరికీ ఆల్డోస్టిరోన్ ఎక్కువ, రెనిన్ తక్కువ. ఇంతవరకు కాన్ చెప్పినట్టే. కానీ డెక్సామెథసోన్ ఇచ్చేసరికి ఆల్డోస్టిరోన్ దిగిపోయింది, బీపీ దిగింది, పొటాషియం సర్దుకుంది. మనకు బాగా తెలిసిన స్టిరాయిడ్ మందే ఇది. మామూలుగా స్టిరాయిడ్ ఇస్తే బీపీ పెరుగుతుందని భయపడతాం. ఇక్కడ తగ్గింది.

ఎందుకు తగ్గింది? డెక్సామెథసోన్ పిట్యూటరీని నమ్మించి ఏసీటీహెచ్ రాకుండా చేస్తుంది. ఏసీటీహెచ్ ఆగితే ఆల్డోస్టిరోన్ ఆగిందంటే, ఈ కుటుంబంలో ఆల్డోస్టిరోన్ నడుస్తున్నది రెనిన్ చేతిలో కాదు, ఏసీటీహెచ్ చేతిలో. గుర్తుపెట్టుకోమన్నానే, ఆ మాట ఇదే. నడిపించే హార్మోనే మారిపోయింది. ఎలా మారిందో తెలియడానికి 26 ఏళ్లు పట్టింది.

1992లో యూటా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ లిఫ్టన్, బోస్టన్‌లో రాబర్ట్ డ్లూహీ, వారి సహచరులు ఒక పెద్ద కుటుంబాన్ని పరిశీలించి జవాబు చెప్పారు. డ్లూహీ పనిచేసింది సుబ్బారావు గారు పనిచేసిన హార్వర్డ్‌లోనే. ఆ జవాబును మెల్లగా విప్పి చూద్దాం.

మన 8వ క్రోమోజోము మీద పక్కపక్కన రెండు జన్యువులున్నాయి. ఒకటి సీవైపీ11బీ1. ఇది కార్టిసాల్ తయారీలో చివరి మెట్టుకు కావలసిన ఎంజైమును ఇస్తుంది. మధ్య పొరలో పనిచేస్తుంది. ఏసీటీహెచ్ చెప్పినట్టు వింటుంది. రెండోది సీవైపీ11బీ2. ఇది ఆల్డోస్టిరోన్‌ను తయారుచేసే ఎంజైమును ఇస్తుంది. బయటి పొరలో పనిచేస్తుంది. యాంజియోటెన్సిన్, పొటాషియం చెప్పినట్టు వింటుంది. ఈ రెండూ ఒకే పూర్వ జన్యువు నుంచి వచ్చిన తోబుట్టువులు. ఎంజైమును రాసే భాగంలో వీటికి దాదాపు 95 శాతం పోలిక ఉంది. ఆ పోలికే చిక్కు తెచ్చింది.

అండమూ శుక్రకణమూ తయారయ్యేటప్పుడు జత క్రోమోజోములు పక్కపక్కన చేరి ముక్కలు మార్చుకుంటాయి. మామూలుగా ఏ జన్యువు ఎదుట ఆ జన్యువే నిలుస్తుంది. ఇక్కడ పోలిక అంత ఎక్కువ కావడంతో ఎప్పుడో ఒకసారి ఒక క్రోమోజోము మీది మొదటి జన్యువు, రెండో క్రోమోజోము మీది రెండో జన్యువు ఎదురుగా నిలిచాయి. మార్పిడి అక్కడ జరిగింది. ఫలితంగా ఒక క్రోమోజోముకు మూడు జన్యువులు వచ్చాయి. రెండు మామూలువి, మధ్యలో ఒక కొత్త సంకర జన్యువు. ఆ సంకర జన్యువుకు ముందు భాగం, అంటే ఆజ్ఞను అందుకునే భాగం, కార్టిసాల్ జన్యువుది. వెనక భాగం, అంటే పనిచేసే ఎంజైము భాగం, ఆల్డోస్టిరోన్ జన్యువుది. ఒక పొలానికి తీసిన తూము నీళ్లు పక్క పొలంలోకి పారినట్టు, కార్టిసాల్ కోసం వచ్చిన ఏసీటీహెచ్ ఆల్డోస్టిరోన్‌ను కూడా తయారుచేయిస్తోంది.

అందులోనూ ఆ ఎంజైము ఉండకూడని మధ్య పొరలో ఉంది. అది బయటి పొరకన్నా చాలా పెద్దది. అక్కడ అది కార్టిసాల్ తయారీ దారిలో ఉన్న పదార్థాల మీద కూడా పనిచేసి 18-హైడ్రాక్సీకార్టిసాల్, 18-ఆక్సోకార్టిసాల్ అనే రెండు దారుల కలగలుపు స్టిరాయిడ్లను తయారుచేస్తుంది. ఇవి మూత్రంలో ఎక్కువగా కనబడతాయని జన్యువు దొరక్కముందే తెలుసు. జన్యువు దొరికాక అవి ఎందుకున్నాయో తెలిసింది. ఇంకో ముఖ్య విషయం. ఏసీటీహెచ్‌ను ఆపగలిగేది కార్టిసాల్. ఆల్డోస్టిరోన్‌కు ఆ శక్తి లేదు. కాబట్టి ఆల్డోస్టిరోన్ ఎంత పెరిగినా పైనుంచి వచ్చే ఆజ్ఞ ఆగదు. రోజూ తెల్లవారుజామున ఏసీటీహెచ్ పెరుగుతుంది, దానితోపాటు ఆల్డోస్టిరోన్ పెరుగుతుంది. పుట్టిన నాటి నుంచి, ప్రతిరోజూ.

దీన్నే మొదటి రకం కుటుంబ ఆల్డోస్టిరోన్ వ్యాధి అంటున్నాం. 1966 నాటి తండ్రీ కొడుకుల మందు ఎందుకు పనిచేసిందో వివరించింది ఈ ఒక్క మార్పిడే. అధిక రక్తపోటుకు ఒకే జన్యువు కారణమని అణువు దాకా వెళ్లి తేల్చిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

5. కణం లోపలి విద్యుత్తు

మొదటి రకం తేలాక డెక్సామెథసోన్‌కు లొంగని కుటుంబాలు మిగిలాయి. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో రిచర్డ్ గోర్డన్, మైఖేల్ స్టోవాసర్ 1990ల మొదట్లోనే అలాంటి కుటుంబాలను వివరించారు. దాన్ని రెండో రకం అన్నారు. 2008లో డేవిడ్ గెల్లర్, లిఫ్టన్ బృందం ఒక తండ్రినీ ఇద్దరు కూతుళ్లనూ వివరించింది. చిన్నతనంలోనే తీవ్రమైన బీపీ. మందులకు లొంగలేదు. చివరికి రెండు అడ్రినల్ గ్రంథులూ తీసెయ్యవలసి వచ్చింది. అవి విపరీతంగా పెరిగి ఉన్నాయి. ఇది మూడో రకం.

వీటన్నిటికీ సమాధానం హార్మోను ఆజ్ఞల్లో దొరకలేదు. ఆజ్ఞను అందుకునే కణం పొరలో దొరికింది. అడ్రినల్ బయటి పొర కణం విశ్రాంతిగా ఉన్నప్పుడు దాని లోపలి వైపు బయటికన్నా సుమారు 80 మిల్లీవోల్టులు రుణావేశంతో ఉంటుంది. పొటాషియం బయటికి పోయే మార్గాలు ఆ తేడాను నిలబెడతాయి. యాంజియోటెన్సిన్ వచ్చినా, రక్తంలో పొటాషియం పెరిగినా ఆ తేడా తగ్గుతుంది. తగ్గగానే కాల్షియం మార్గాలు తెరుచుకుంటాయి. లోపలికి వచ్చిన కాల్షియం సీవైపీ11బీ2 జన్యువును పనిలోకి దించుతుంది. ఆల్డోస్టిరోన్ తయారవుతుంది. ఈ వరసలో ఎక్కడ మార్పు వచ్చినా ఫలితం ఒకటే.

2011లో ఆ తండ్రీ కూతుళ్లలో మార్పు దొరికింది. కేసీఎన్‌జే5 అనే జన్యువు పొటాషియం మార్గాన్ని తయారుచేస్తుంది. ఆ మార్గం పొటాషియాన్ని పోనిచ్చి సోడియాన్ని ఆపాలి. ఒక్క అమినో ఆమ్లం మారడంతో ఆ విచక్షణ పోయింది. సోడియం లోపలికి వస్తోంది, విద్యుత్ తేడా తగ్గుతోంది, కాల్షియం వస్తోంది. 2015లో నాలుగో రకం: సీఏసీఎన్‌ఏ1హెచ్ అనే జన్యువులో మార్పు, ఈసారి కాల్షియం మార్గంలోనే. 2018లో రెండో రకం తేలింది: సీఎల్‌సీఎన్2 అనే క్లోరైడు మార్గం. క్లోరైడు అతిగా బయటికి పోతే కూడా విద్యుత్ తేడా తగ్గుతుంది. అదే ఏడాది ఈ జన్యువును లిఫ్టన్ వైపు బృందమూ, పారిస్‌లో మరియా క్రిస్టినా జెన్నారో బృందమూ విడివిడిగా ప్రకటించాయి. 1990ల మొదట్లో వర్ణించిన జబ్బుకు కారణం దొరకడానికి పాతికేళ్లు దాటింది.

వైద్య విద్యార్థులు గమనించవలసిన వింత ఒకటి ఇందులో ఉంది. కేసీఎన్‌జే5లోనే ఇంకో చోట వచ్చే ఒక మార్పు సోడియాన్ని మరీ ఎక్కువగా లోపలికి వదులుతుంది. అలాంటప్పుడు జబ్బు మరీ తీవ్రంగా ఉండాలి కదా? తేలికగా ఉంటుంది. ఎందుకంటే ఆ సోడియం పోటుకు కణాలే చనిపోతాయి. గ్రంథి పెరగదు. జన్యువు పేరు తెలిస్తే చాలదు, ఏ అక్షరం మారింది, ఆ మార్పు కణంలో ఏం చేస్తోంది అన్నదాకా వెళ్తేనే రోగి కళ్లకు కనబడతాడు.

6. కుటుంబానికి ఏం మారుతుంది

ఇంత లోతుకు వెళ్లడం వల్ల ఇంటిల్లిపాదికీ ఒరిగేదేమిటని మీలో కొందరు అడగదలచుకుని ఉంటారు. నాలుగు విషయాలు చెప్తాను.

మొదటిది ప్రాణానికి సంబంధించింది. మొదటి రకం జబ్బున్న 27 కుటుంబాలను పరిశీలించి 1998లో ప్రచురించిన నివేదిక ప్రకారం, దాదాపు సగం కుటుంబాల్లో ఎవరో ఒకరికి మెదడు రక్తనాళాల జబ్బు వచ్చింది. ఎక్కువ భాగం రక్తస్రావమే. మొదటిసారి వచ్చిన సగటు వయసు 32 దరిదాపు. మన ఊళ్లలో 'మెదడులో నరం చిట్లింది' అని చెప్పుకునే చావుల్లో, ముప్పై నిండిన మనిషిది ఒకటి మీ ఇంట్లో ఉంటే, దాన్ని దురదృష్టం ఖాతాలో రాసి ఊరుకోవద్దు. ఆ ఇంట్లో మిగిలినవాళ్ల బీపీ చూడాలి. మొదటి రకమని తేలినవారికి మెదడు రక్తనాళాల స్కానింగు గురించి కూడా డాక్టరు ఆలోచించాలి.

రెండోది మందు. మొదటి రకానికి రాత్రిపూట చిన్న మోతాదు స్టిరాయిడ్ ఇచ్చి ఏసీటీహెచ్‌ను అణచవచ్చు. పిల్లల్లో ఎదుగుదల దెబ్బతినకుండా ఆల్డోస్టిరోన్‌ను అడ్డుకునే మందులను ఎంచుకోవచ్చు. మిగతా రకాల్లోనూ స్పైరనోలాక్టోన్ వంటివి పనిచేస్తాయి. ఎన్నో ఏళ్లుగా మన మందుల షాపుల్లో దొరుకుతున్న మాత్ర అది. రెండు మూడు మందులకు లొంగని బీపీ కారణానికి తగ్గ మందుకు లొంగడం చూసినవాడికి కారణం వెతకడం ఎందుకో ఎవరూ చెప్పనక్కర్లేదు. పొటాషియం మామూలుగా ఉంది కాబట్టి ఈ జబ్బు లేదనుకోవడం కూడా ప్రమాదమే. మొదటి రకంలో చాలామందికి పొటాషియం మామూలుగానే ఉంటుంది. నీరు తీసే థయజైడ్ మాత్ర వేశాక ఉన్నట్టుండి పడిపోతుంది. అలా పడిపోతే అది ఒక సూచన.

మూడోది వారసత్వం. ఇక్కడ మన తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఉంది. పుట్టుకతో వచ్చే జబ్బు అనగానే మేనరికం వల్లేనా అని అడుగుతాం. మేనరికాల వల్ల పెరిగేవి, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు లోపమున్న ప్రతులు కలిస్తే వచ్చే జబ్బులు. నేను చెప్పిన నాలుగు రకాలూ అలాంటివి కావు. వీటికి ఒక్క ప్రతి చాలు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం, ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా. బయటి సంబంధం చేసుకున్నా ఇదే లెక్క. కొన్నిసార్లు తల్లిదండ్రులిద్దరికీ లేకుండా బిడ్డలోనే కొత్తగా మార్పు రావచ్చు. కాబట్టి కోడలి వైపు నుంచి వచ్చిందా, కొడుకు వైపు నుంచి వచ్చిందా అని నిందలు మోపుకోవడం వల్ల ఎవరికీ మేలు లేదు. ఇది ఎవరి తప్పూ కాదు.

మేనరికంతో సంబంధమున్న బీపీ జబ్బు ఒకటి లేకపోలేదు. కార్టిసాల్‌ను కిడ్నీలో నిర్వీర్యం చేసే ఎంజైము లోపిస్తే ఆ కార్టిసాలే ఆల్డోస్టిరోన్ చేసే పని చేస్తుంది. అప్పుడు బీపీ ఎక్కువ, పొటాషియం తక్కువ, కానీ పరీక్షలో ఆల్డోస్టిరోన్ దాదాపు సున్నా. దగ్గుకనీ గొంతుకనీ అతిమధురాన్ని రోజుల తరబడి ఎక్కువగా నమిలితే అదే ఎంజైము అణగిపోయి అదే పరిస్థితి రావచ్చు. అందుకే బీపీ రోగిని ఏ వేరు నములుతున్నారో, ఏ చూర్ణం వాడుతున్నారో కూడా అడగాలి.

నాలుగోది ఉప్పు. జన్యువు ఒకటే అయినా ఒకే కుటుంబంలో ఒకరికి తీవ్రమైన బీపీ, ఇంకొకరికి దాదాపు మామూలు బీపీ ఉండడం ఈ జబ్బుల్లో చూస్తాం. జన్యువు హార్మోనును పెంచుతుంది, హానికి ఉప్పు కావాలి. యానోమామి వారి విషయంలో చూసింది అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. మన దేశంలో సగటు వాడకం దానికి బాగా పైన ఉంది. ఆవకాయ, వడియాలు, చల్లమిరపకాయలు, కారప్పొడి రోజూ ఉండే భోజనంలో ఆ హద్దు దాటడం ఎంత తేలికో మీకు తెలుసు. ఈ జన్యు మార్పు ఉన్న ఇంట్లో ఉప్పు తగ్గించడం వైద్యంలో భాగం.

7. అరుదైనదని వదిలెయ్యవచ్చా

న్యాయమైన అభ్యంతరం ఒకటి ఉంది. ఈ నాలుగు రకాలూ అరుదు. మొదటి రకం, ఆల్డోస్టిరోన్ అతిగా ఉన్న రోగుల్లోనే ఒక శాతానికి లోపు. బీపీ రోగులు కిటకిటలాడే మన ఆసుపత్రుల్లో, ఒక్కో రోగికి రెండు మూడు నిమిషాలు దొరకడమే గగనమైన చోట, ఇంత అరుదైన దాన్ని వెతకమనడం సబబేనా?

సబబే. వెతికే పద్ధతి ఒక్కటే, దొరికేది మాత్రం అరుదైనవారే కాదు. కుటుంబంతో నిమిత్తం లేకుండా ఆల్డోస్టిరోన్ అతిగా తయారయ్యే జబ్బు బీపీ రోగుల్లో సుమారు 5 నుంచి 10 శాతం మందిలో ఉంటుంది. మందులకు లొంగని బీపీలో అయిదుగురిలో ఒకరి దాకా. వీళ్ల బీపీ మిగతా రోగుల బీపీతో సమానంగా ఉన్నా, గుండె లయ తప్పడం, పక్షవాతం వీళ్లలో ఎక్కువ. ఎందుకంటే ఆల్డోస్టిరోన్ గుండెనూ రక్తనాళాలనూ నేరుగా కూడా పాడుచేస్తుంది. వీళ్లలో గడ్డ ఉన్నవారికి ఆపరేషన్‌తో నయం చెయ్యవచ్చు. ఆ గడ్డల్లో పెద్ద భాగంలో దొరికే మార్పు ఏదో తెలుసా? కేసీఎన్‌జే5. అదే జన్యువు. తేడా ఏమిటంటే అక్కడ మార్పు గడ్డ కణాల్లో మాత్రమే పుట్టింది, పిల్లలకు రాదు. అంటే ముగ్గురు మనుషుల చిన్న కుటుంబంలోనూ లక్షలాది రోగుల్లోనూ జబ్బును వివరించే జన్యువు ఒకటే. అరుదైన కుటుంబాలనూ మామూలు రోగులనూ కలిపే దారి ఇది.

2016 నాటి ఎండోక్రైన్ సొసైటీ మార్గదర్శకాలు ఎవరెవరిని పరీక్షించాలో ఒక జాబితా ఇచ్చాయి. ఇరవై ఏళ్లలోపే ఈ జబ్బు తేలినవారికి, కుటుంబంలో ఈ జబ్బు గానీ నలభై లోపు పక్షవాతం గానీ ఉన్నవారికి జన్యు పరీక్ష సూచించాయి. 2025లో అదే సంస్థ ఇంకో అడుగు ముందుకేసి, బీపీ ఉన్న ప్రతి ఒక్కరికీ ఆల్డోస్టిరోన్, రెనిన్ పరీక్ష చెయ్యడం మంచిదని సూచించింది. కాన్ ఒక స్త్రీ చెమటలో సోడియం కొలిచిన నాటి నుంచి ఇక్కడికి చేరడానికి 70 ఏళ్లు పట్టింది.

కాబట్టి నా విన్నపాలు చెప్పి ముగిస్తాను.

వైద్య విద్యార్థులారా, కేస్ షీట్‌లో 'కుటుంబ చరిత్ర ఉంది' అనే మూడు మాటలతో సరిపెట్టకండి. చిన్న వంశవృక్షం గీయండి. ఎవరికి, ఏ వయసులో బీపీ వచ్చింది, ఎవరికి పక్షవాతం వచ్చింది, ఎవరు ఎందుకు చనిపోయారు అని అడిగి రాయండి. రెండు తరాలు దాటేసరికి జబ్బు వంశంలో నడుస్తోందో లేదో మీకు అర్థమైపోతుంది.

తోటి వైద్యులారా, ముప్పై లోపు బీపీ, మూడు మందులకు లొంగని బీపీ, పొటాషియం తగ్గిన బీపీ, ఇంట్లో చిన్నవయసు పక్షవాతం ఉన్న బీపీ, ఈ నాలుగింటిలో ఏది ఎదురైనా రెనిన్, ఆల్డోస్టిరోన్ రాయండి. మీ ఊరి లాబొరేటరీలో లేకపోతే నమూనా పెద్ద ఊరికి పంపండి.

ప్రభుత్వాసుపత్రుల్ని నడిపే పెద్దలకు ఒక మాట. పరీక్ష ఖరీదు చూసి వెనకాడే ముందు ముప్పై ఏళ్లకు మంచాన పడిన మనిషి వైద్యం ఖరీదు, ఆ ఇంటి సంపాదన ఖరీదు లెక్కవెయ్యండి. కనీసం జిల్లా స్థాయిలో ఈ రెండు పరీక్షలూ ఉచితంగా దొరికేలా చూడండి.

ఇక వినడానికి వచ్చిన మిత్రులకు. మీ ఇంట్లో ఒకరికి ఈ జబ్బు తేలితే మిగతా అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్లకూ, పిల్లలకూ చెప్పండి. దాచిపెట్టకండి. బీపీ చూపించుకోండి. పదేళ్ల పిల్లవాడికైనా బీపీ చూడమని అడగడానికి మొహమాటపడకండి. వంశంలో ఉన్న ఆస్తి లెక్క మనకు పాయీ పైసతో సహా తెలుసు. వంశంలో ఉన్న జబ్బు లెక్క కూడా అంత శ్రద్ధగా తీస్తే, తాతకు పట్టిన గతి మనవడికి పట్టకుండా ఆపడం ఇవాళ మన చేతిలో ఉంది. ఆపాలి.